మా నైరుతి గదిలో ఊపిరాడని ఏడాది

నేను చీరలమ్ముతాను. బండి వెనక మూట కట్టుకుని కోరుట్ల నుంచి మేడిపల్లి, రుద్రంగి, పెగడపల్లి దాకా తిరుగుతాను. చీరతో పాటు ఒక కథ కూడా ఇస్తాను, దానికి వేరే ధర లేదు. ఈ అంచు నేసిన సాంచె కరెంటు పోయినా ఆగలేదని ఒక ఊళ్లో చెబుతాను. (సాంచె అంటే మా సిరిసిల్ల మాటలో మరమగ్గం.) అదే చీరను ఆరేస్తే ఒక నెమలి వచ్చి, కాసేపు చూసి, సిగ్గుపడి వెళ్లిపోయిందని ఇంకో ఊళ్లో చెబుతాను. ఆడవాళ్లు నవ్వుతారు. నమ్మరు. చీర మాత్రం కొంటారు.

ఇలాంటివాడు తన జబ్బు గురించి రాస్తానంటే మీరు ముందే నవ్వు సిద్ధం చేసుకుంటారని తెలుసు. నవ్వండి. కానీ ఇందులో నెమళ్లు లేవు. ఒక గోడ ఉంది, దాని మీద పట్టిన బూజు ఉంది. సాలీడు అల్లే బూజు కాదు, తడి తగిలిన పచ్చడి మీద పట్టే రకం. అది నా ఊపిరి లాగేసుకుంది, నేను మళ్లీ తెచ్చుకున్నాను. కొత్తగా ఇల్లు కొనేవాళ్లకు ఇది పనికొస్తుంది. అదీగాక, ఇలా కాగితం మీద పెడుతుంటే నాకే గుండె కాస్త కుదుటపడుతోంది.

జ్యేష్ఠం, ఇంట్లో దిగిన నెల

పెళ్లయిన నాటి నుంచీ మావి అద్దె ఇళ్లే. నేను సిరిసిల్లలో సాంచల మీద పనిచేసిన రోజుల్లో ఒక్క గది. చీరల వ్యాపారం పెట్టుకుని మా ఆవిడ సుగుణ పుట్టిన కోరుట్లకు వచ్చాక రెండు గదులు. ఆమె బీడీలు చుట్టింది, నేను ఊళ్లు తిరిగాను, బిడ్డ పెళ్లయి మెట్‌పల్లి వెళ్లింది. అప్పుడు దొరికింది ఈ ఇల్లు. కొత్త కట్టడం కాదు. కానీ అమ్మేముందు పాత యజమాని లోపలంతా చిలకపచ్చ రంగు వేయించాడు. తలుపు తీయగానే గుప్పుమంది. సుగుణ గుండెల నిండా పీల్చి, "కొత్తింటి వాసన" అని మురిసిపోయింది. ఇప్పుడెవరైనా పాత ఇంటికి కొత్త రంగు వేసి చూపిస్తే నేను నేరుగా వెళ్లి గోడకు ముక్కు ఆనిస్తాను. చూసేవాళ్లు ఏమనుకున్నా సరే.

పాలు పొంగించిన రోజున సుగుణ అన్న గంగారాం పెగడపల్లి నుంచి వచ్చాడు. సెంట్రింగ్ మేస్త్రీ. చేతి పనికి వంక పెట్టలేం. కానీ ఆయనకు వాస్తు పిచ్చి. ఫోనులో దిక్సూచి తెరిచి, వడ్డించిన అన్నం వదిలేసి, పడిపోయిన సూది వెతుకుతున్నవాడిలా ఇల్లంతా తిరిగాడు. చివరికి మా పడకగదిలో ఆగాడు. అది నైరుతి గది, దక్షిణం పడమర కలిసే మూల.

"బావా, గీ కిటికి ఎవడు వెట్టిండు?"

"గాలి కోసం వెట్టిండ్రు కావచ్చు బావా."

"గాలి కాదు, గిందులకెల్లి కీడు అస్తది. నైరుతి తెరిచి ఉంటె ఇంటి యజమాని నిలువడు. ఇటుకతోని మూసెయ్యాలె. ఈశాన్యంల నీళ్ల ట్యాంకున్నది సూడు, దాన్ని తెచ్చి గీ మూల మీద వెట్టాలె. బీరువ గూడ గీడనే. నైరుతి ఎంత బరువుంటె మనిషి గంత గట్టిగుంటడు."

"ఇంక నన్ను గూడ గోడకే కట్టెయ్యి బావా, ఇంకింత బరువైతది."

సుగుణ నవ్వలేదు. 'యజమాని నిలువడు' అన్న మాట ఆమె చెవిలో పడింది, మళ్లీ బయటికి రాలేదు. వానలు రాకముందే కిటికీకి ఇటుకలు పడ్డాయి. ట్యాంకు సరిగ్గా మా తల మీదికి వచ్చింది. చీరల సరుకుతో నిండిన ఇనుప బీరువాను నలుగురు మోసుకొచ్చి గోడకు ఆనించారు. ఆ బీరువా పక్కనే మా మంచం. గది పెట్టెలా తయారైంది, పెట్టెలో మమ్మల్ని పెట్టి మూత వేసినట్టయింది.

శ్రావణం

వానలు మొదలయ్యాక గదిలో ఒక వాసన చేరింది. బకెట్లో మరిచిపోయిన తడి తువ్వాల వాసన. ఆ వెనకే నా దగ్గు. మొదట పొద్దున లేవగానే నాలుగు దగ్గులు దగ్గి ఊరుకునేవాణ్ణి. తర్వాత అది లేవకముందే నన్ను లేపేది. ఛాతీ మీద ఎవరో వడ్లబస్తా దింపి, తీసుకుపోవడం మరిచిపోయినట్టుండేది.

విచిత్రమేమిటంటే బండెక్కి ఊరు దాటితే తగ్గిపోయేది. రుద్రంగి చేరేసరికి పాటందుకునేవాణ్ణి. సాయంత్రం ఇంటికొచ్చి ఆ గదిలో నడుం వాల్చానా, మళ్లీ బస్తా.

"సుగుణా, గీ గోడ నా మీద ఊపిరి ఇడుస్తాంది" అన్నాను ఒక రోజు.

"ఇగ మొదలువెట్టినవా? మొన్న నెమలి, ఇయ్యాల గోడ."

"నిజం చెప్తున్న."

"నువ్వు నిజం చెప్తున్న అన్నప్పుడే నాకు బుగులైతది."

చూపించాను. కప్పు దగ్గర చిలకపచ్చ రంగు కింద నల్లటి మచ్చ. మొదట పెసరట్టంత ఉన్నది, తర్వాత చాటంత అయింది. సుగుణ దాని మీద సున్నం రాసింది. మచ్చ సున్నాన్ని తినేసింది. అప్పుడు లక్ష్మీదేవి క్యాలెండరు తెచ్చి తగిలించింది. వారంలో క్యాలెండరు చివర్లు అప్పడంలా ముడుచుకున్నాయి.

ఇక చుట్టుపక్కల వాళ్లంతా ఒకే తీర్పు ఇచ్చారు: ఇది సాంచల దగ్గు. ఏళ్ల తరబడి సిరిసిల్లలో పత్తి నుసి మింగినవాడికి ఇప్పుడు బయటపడిందన్నారు. నేను కాదంటే, నా మాట ఎవరు వింటారు? నా కథలే నాకు అడ్డం తిరిగాయి.

మేడిపల్లిలో అదీ జరిగింది. ఒక ఇంటి అరుగు మీద చీరలు పరిచి, కరెంటు లేకుండా నడిచిన సాంచె కథ ఎత్తుకున్నాను. సగంలో ఊపిరి ఆగిపోయింది. లోపలికి రాదు, బయటికి పోదు. నోరు తెరిచి, చేతులు ఊపి, కళ్లలో నీళ్లతో నేను కొట్టుకుంటుంటే చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు పగలబడి నవ్వారు. సాంచెను అభినయిస్తున్నాననుకున్నారు. ఒక ముసలవ్వ మాత్రం నా ముఖం చూసి లేచింది.

"నవ్వుతరేందే? పోరడు నల్లవడుతుండు, నీళ్లు తేండ్రి!"

ఆమె నన్ను పోరడన్నందుకే నాకు సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం నీళ్లు తాగాక వచ్చింది. ఆ రోజు మూట కట్టుకుని తిరిగొస్తుంటే భయం వేసింది. మా నాయిన రుద్రంగిలో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. చెట్టు కొసన కూర్చుని కిందివాళ్లతో ముచ్చట్లాడేవాడు, ఆయాసమే ఎరగడు. ఆయన కొడుకును నేను, మూడు మెట్లెక్కి తలుపు పట్టుకు నిలబడుతున్నాను. అన్నం పెట్టేది నా నోరు. ఊపిరి పోతే నోరు దేనికి?

బతుకమ్మకు ముందు

చీరల గిరాకీకి అదే పెద్ద పండుగ. సరుకు సర్దుకుందామని బీరువా తెరిచాం. పైవరస చీరల మీద చుక్కలు. చేత్తో నేసినట్టు ఒద్దికగా ఉన్నాయి. "కొత్త డిజైను" అన్నాను. సుగుణ చీరను ముక్కు దగ్గర పెట్టుకుని ఆ మాటతోనే ఏడ్చేసింది.

పక్కింటివాళ్లను పిలిచి బీరువా జరిపించాం. వెనక గోడ లేదు. గోడ ఉండాల్సిన చోట నల్లటి బొచ్చు ఉంది. ఎలుగుబంటి మా వైపు వీపు పెట్టి పడుకున్నట్టుంది. (ఇది కథ కాదని చెప్పడానికి పక్కింటివాళ్లు సాక్షులు.) సుగుణకు భయం వేస్తే చేతులు పని వెతుక్కుంటాయి. కొంగు దోపి, చీపురు తీసుకుని, గోడను తడపకుండానే పైనుంచి కిందికి బరబరా ఊడ్చేసింది. గదంతా నల్లటి పొగలా లేచింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

ఆ తర్వాత నాకు గుర్తున్నది ఆటో, జగిత్యాల రోడ్డు మీది గుంతలు, సుగుణ చేయి నా వీపు మీద అటూ ఇటూ తిరగడం.

జగిత్యాల దవాఖానలో జనం బాగా ఉన్నారు. బెంచీ నిండిపోయింది. ఎదురుచూడటమంటే ఏమిటో అక్కడ తెలిసింది. మామూలుగా మనం బస్సు కోసమో మనిషి కోసమో చూస్తాం. అక్కడ నేను ఒక్కో ఊపిరి కోసం ఎదురుచూశాను, వచ్చిన ఊపిరి నాదో కాదో అన్నట్టు చూశాను. కూలిపనికి వెళ్లే మనిషిలా ఉన్న ఒకావిడ భర్తను లేపి నాకు చోటిచ్చింది. ఆయనకూ ఇదే జబ్బట.

"ముందుకు వంగి కూసో అన్నా. మోచేతులు మోకాళ్ల మీద వెట్టు. మా ఆయన గట్లనే కూసుంటడు, జర ఆసర అయితది."

భర్త ఎక్స్‌రే కవరుతో నాకు విసురుతూ నిలబడింది. వాళ్ల వంతు పిలిస్తే కవరు సుగుణ చేతికిచ్చి వెళ్లింది, ఎక్స్‌రే అందులోనే ఉందన్న సంగతి మరిచిపోయి. కాసేపటికి నవ్వుకుంటూ తిరిగొచ్చి తీసుకుంది. ఆమె పేరు అడగలేదు. అడిగే ఊపిరి లేదు.

నా ముక్కుకూ నోటికీ తొడుగు పెట్టి మందుపొగ పట్టారు. డాక్టరు చిన్న వయసువాడు. గుండె మీద గొట్టం పెట్టి విని అడిగాడు:

"ఇంట్లో చెమ్మ ఏమన్నా ఉందా? గోడలకు బూజు పట్టిందా?"

నేను తలూపేలోపే సుగుణ అంది: "లేదు సార్. కొత్తగ కొన్నం. అద్దం లెక్క ఉంటది ఇల్లు."

పొద్దున తన చేత్తో ఆ బూజును ఊడ్చిన మనిషి! అబద్ధాలు మా ఇంట్లో నా శాఖ. ఆమె ఎప్పుడూ అందులో వేలు పెట్టలేదు. తొడుగులోంచి నేను ఏదో అన్నాను. చేత్తో గోడ చూపించాను. దవాఖాన గోడ తెల్లగా మెరుస్తోంది. "నీళ్లు కావాలా?" అన్నాడు డాక్టరు. తల అడ్డంగా ఊపాను. "బాత్రూమా?" అన్నాడు.

తొడుగు తీశాక, ఆమె మందులకు వెళ్లిన సమయం చూసుకుని, ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పాను. గోడ, ట్యాంకు, మూసిన కిటికీ. నా మాటను వెంటనే నమ్మిన మనిషిని అదే మొదటిసారి చూడటం.

"ఆ గదిలో పడుకోవద్దు. నేనిచ్చే మందు మిమ్మల్ని నిలబెడుతుంది, గోడను బాగుచేయదు. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో చూసి ఆపండి. గాలి ఆడనివ్వండి."

బయట మెట్ల మీద సుగుణను అడిగాను, ఎందుకలా చెప్పావని. మందుల సంచి ముడి వేస్తూ విప్పుతూ చెప్పింది.

"చెమ్మ ఉందంటె గా డాక్టరు కిటికి తెరువుమంటడు. నువ్వు తెరుస్తవు. నాకెర్క."

"తెరుస్తె ఏమైతది?"

"దగ్గితె మందులున్నయి. నువ్వే లేకుంట అయితె ఏ దుకాన్ల తెచ్చుకోవాలె నేను?"



కార్తీకం, సిరిసిల్ల

కొన్నాళ్లు మా అక్క ఇంట్లో ఉండాలని బంధువులంతా నిర్ణయించారు. అక్క ఇల్లు సిరిసిల్లలో సాంచల మధ్య ఉంటుంది. పొద్దున లేస్తే టకటకటకా, పడుకుంటే టకటకటకా. గాలిలో నుసి తేలుతుంటుంది. అక్కడికి వెళ్తే దగ్గుతో చచ్చిపోతానని అందరికంటే ఎక్కువ భయపడింది నేనే.

వారం తిరగకుండా అన్నం రుచి తెలిసింది. ఇంకో వారానికి వెల్లకిలా పడుకుని నిద్రపోయాను. అక్క నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

"అందరు సాంచల దగ్గు సాంచల దగ్గు అనిరి. సాంచల నడుమ పండవెడితె తగ్గుడేందిరా తమ్మీ? నీ పానం గూడ నీ లెక్కనే ఉల్టా చెప్తాందా?"

"పానం నిజం చెప్తాందక్కా. నేను చెప్తె ఎవలు నమ్ముతలేరు."

"నేను నమ్ముతున్న తియ్. కండ్లకు కనవడ్తాంది గదా."

సుగుణ కోరుట్లలో ఒక్కతే ఉంది. రోజూ ఫోన్ చేసేది. తిన్నావా, పీల్చే మందు పీల్చావా అనేది. ఇంటి గురించి నేనెత్తితే సిగ్నల్ లేదనేది. మా పెళ్లయ్యాక ఇంత దూరంగా, ఇంత మర్యాదగా మేమెప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ మర్యాదే నన్ను దగ్గు కంటే ఎక్కువ బాధపెట్టింది.

శివరాత్రి తర్వాత

బాగయిందన్న ధీమాతో తిరిగొచ్చాను. ముందుగదిలో పడుకున్నాను. అయినా నైరుతి గది తలుపు సందులోంచి నన్ను గుర్తుపట్టింది. మూడో పొద్దుకు మళ్లీ గుమ్మం పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాను. సుగుణ వచ్చి పక్కన కూలబడింది.

"ఇల్లమ్ముదాం. అద్దెకు పోదాం. నాకేం వద్దు."

ఎన్నేళ్ల బీడీలు ఆ ఇంట్లో ఉన్నాయో నాకు తెలుసు. ఆ మాట అనడానికి ఆమె లోపల ఎంత తెగిందో కూడా తెలుసు. కానీ నా మొండితనం అప్పుడే లేచింది.

"అమ్మను. అమ్ముడంటె మల్ల చిలకపచ్చ రంగెయ్యాలె. ఎవలో మన తీర్గనే వాసన వీల్చి మురుస్తరు. గా గదిల వాళ్ల పిల్లగాడు పండుకుంటడు. మనకు అంటగట్టినట్టు మనం ఇంకొకలకు అంటగడుదామా? గోడ పోవాలె సుగుణా. నేను పోను, ఇల్లు పోదు."

ఆమె లేచి, పీల్చే మందు తెచ్చి నా చేతిలో పెట్టింది. 

మర్నాడు ఒక కూలీని, గడ్డపారను పిలిపించాను. కబురు ఎలా చేరిందో, గంగారాం బండి మీద దిగాడు. నేరుగా వచ్చి మూసిన కిటికీకి అడ్డం నిలబడ్డాడు.

"బావా, అన్నిట్ల నవ్వులాటేనా? ఇది మనిషి పానం. నైరుతి తెరిచిన ఇంట్ల యజమాని ఏడాది దాటడు. నా చెల్లె నుదురు గురించి అడుగుతున్న."

"నీ చెల్లె నుదురు మంచిగుండాలంటె నాకు ఊపిరాడాలె గద బావా."

"ట్యాంకు కారుతె నేను అతుకుతా. కిటికి మాత్రం ముట్టద్దు."

"ముట్టుకుంట."

"ముట్టనియ్య."

మేమిద్దరం ఇలా ముట్టుకుంట, ముట్టనియ్య అని పంతాలాడుతుంటే సుగుణ ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వచ్చింది. కూలీ చేతిలోంచి గడ్డపార తీసుకుంది.

"అన్నా, నైరుతి తెరుస్తె కీడు ఎవలకన్నవు?"

"ఇంటి యజమానికి."

"ఈ ఇంటి యజమాని ఎవలు?"

గంగారాం నా వైపు చూశాడు.

"ఆయన దిక్కు సూడకు. ఇల్లు నా పేరు మీదున్నది. ఆఫీసుల ఫోటో దిగింది నేను, వేలు వెట్టింది నేను. కీడు అచ్చుడుంటె నాకు రావాలె. ఈయనకెందుకస్తది?"

"గట్ల కాదే చెల్లే..."

"గట్లనే. జరుగు."

ఆయన జరిగాడు. మొదటి దెబ్బకు సిమెంటు పెచ్చు రాలింది. నేను ఆపబోయాను, నా చేయి తోసేసింది.  ఆమె కళ్లు మూసుకుని కొట్టడం చూశాను. నాలుగో దెబ్బకో అయిదో దెబ్బకో ఇటుక అవతలికి పడింది. చేయి పట్టేంత కంతలోంచి ఎండ వచ్చి మంచం మీద పడింది.

ఆ తర్వాతి పనంతా గంగారామే చేశాడు. చెల్లెలి ముఖం చూడలేక చేశాడో, సెంట్రింగ్ మేస్త్రీకి కారే స్లాబు చూస్తే ఊరుకోబుద్ధి కాక చేశాడో తెలియదు. ట్యాంకు దింపి, వేరే మూలన ఇనుప స్టాండు కట్టి ఎక్కించాడు. "వాయవ్యంల వెడుతున్న. గింతన్న నా మాట ఉండనియ్యుండ్రి" అన్నాడు. ఉండనిచ్చాం. గోడను ముందు తడిపి, మూతికి గుడ్డ కట్టుకుని, ఇటుక కనపడేదాకా గీకి, ఆ చెత్తను సంచుల్లో కట్టి బయటపడేశారు. పొడిగా మాత్రం ఊడ్వలేదు. మీరూ ఊడ్వకండి, నా లాంటివాడు ఇంట్లో ఉంటే ఆ దరిదాపుల్లో ఉండనివ్వకండి. ఎండాకాలమంతా గోడను ఒంటి మీద గుడ్డ లేకుండా ఆరబెట్టాం. ఆరాకే సిమెంటు గిలాబు, సున్నం. రంగు వేయలేదు. గోడకు ఏదైనా బాధ ఉంటే మా ముఖం మీదే చెప్పాలని.

మళ్లీ శ్రావణం

వాన పడుతోంది. కిటికీ తెరిచే ఉంది. గోడ తెల్లగా ఉంది, రోజూ అరచేత్తో తడిమి చూస్తాను. బీరువాకు, గోడకు మధ్య మనిషి దూరేంత సందు వదిలాం. పీల్చే మందు సంచిలో ఉంటుంది, దాని అవసరం తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చలికాలం ఏమంటుందో చూడాలి. మేడిపల్లికి మళ్లీ వెళ్లాను, సాంచె కథ చివరిదాకా చెప్పాను. ఆ ముసలవ్వ మధ్యలో రెండుసార్లు లేచి నిలబడింది, చూసుకోవడానికి.

ఒక్క సంగతి మాత్రం ఇంకా సర్దుకోలేదు. ఇన్నేళ్లుగా మంచానికి గోడవైపు పడుకునేది నేను. ఆ గదిలోకి మళ్లీ చేరిన రోజున సుగుణ నా దిండు తీసి ఇవతల పెట్టి, తాను కిటికీ పక్కకు మారింది. గాలి కోసమేమో అనుకున్నాను. జల్లు కొడితే తడుస్తుంది, అయినా జరగదు. మొన్న అడిగాను.

"తడుస్తున్నవ్ గద, ఇటు రా. నేనటు పండుకుంట."

"నువ్వు ఆడనే ఉండు."

"ఇంక ఏడాది నిండలేదనా? ఏం రాదు సుగుణా, నిజం చెప్తున్న."

"అచ్చెటిది ముందుగాల నన్ను దాటి రావాలె" అని కొంగు తల మీదికి లాక్కుని, కిటికీ వైపు తిరిగి పడుకుంది.